మొక్కజొన్న చేనుకు పెద్దపీట ఎందుకు?

గౌరవనీయులైన సంపాదకులకు,

1980ల నాటి అమెరికన్ చిత్రాల్లో మేలైన ఇరవై అయిదింటిని ఎంపిక చేస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్నీ, దాని మీద మరుసటి వారం ఒక పాఠకుడు రాసిన లేఖనూ శ్రద్ధగా చదివాను. వ్యాసకర్త తన జాబితాలో బేస్‌బాల్ చిత్రాలు రెండింటికి చోటిచ్చారు. 1989లో వచ్చిన 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్'ను తొలి పదిలోనూ, 1984 నాటి 'ద నేచురల్'ను చివరి అయిదులోనూ నిలిపారు. లేఖ రాసిన పాఠకుడేమో ఈ రెండూ ఉండకూడదన్నారు. మనకు తలా తోకా తెలియని ఆట మీద తీసిన సినిమా అమెరికా వాళ్లకు గొప్ప కావచ్చు గాని దశాబ్దపు ఉత్తమ చిత్రాల సరసన కూర్చోదగినది కాదని ఆయన వాదన. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. బేస్‌బాల్ సినిమాలకు ఆ జాబితాలో చోటు ఉండి తీరాలి. అయితే ఆ చోటు వ్యాసకర్త కూర్చోబెట్టిన రెండింటిది కాదు. 1988 ఒక్క ఏడాదిలోనే వచ్చిన 'బుల్ డర్హమ్', 'ఎయిట్ మెన్ అవుట్' చిత్రాలది.

ఈ మాట చెప్పడానికి నాకున్న అర్హత పెద్దదేమీ కాదు. ఇరవై రెండేళ్లుగా షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటున్నాను. మొదటి అయిదారేళ్లు ఈ ఆట నాకు ఎండలో నిలబడి గింజలు నములుతూ ఉమ్మేసుకునే పెద్దమనుషుల కాలక్షేపంగానే కనిపించింది. మా అబ్బాయి ఎనిమిదో ఏట పిల్లల లీగులో చేరినప్పుడు తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు స్కోరు పుస్తకం రాయాలన్నారు; కాలేజీలో క్రికెట్ స్కోరు రాసిన అనుభవం ఉందని నోరు జారి ఆ పని నెత్తిన వేసుకున్నాను. ఆట నాకు అర్థమైంది ఆ పుస్తకం వల్లనే.

ముందుగా ఆ పాఠకుని అభ్యంతరం సంగతి చూద్దాం. ఆట తెలియనిదే సినిమా అందదన్న మాట నిజమైతే, ఆ దశాబ్దం ముగిసినప్పుడు అమెరికన్ విమర్శకులు వేసిన ఓట్లలో అగ్రస్థానానికి చేరిన 'రేజింగ్ బుల్' కూడా మనకు అందకూడదు. మార్టిన్ స్కోర్సెసే 1980లో తీసిన ఆ బాక్సింగ్ చిత్రాన్ని చూడటానికి ఒక పోటీలో ఎన్ని రౌండ్లుంటాయో తెలియనక్కర్లేదు. గుద్దు ఎవరికైనా గుద్దే కదా, బేస్‌బాల్‌కు అంత సుళువు లేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అందుచేత ఆట గురించి ఒక్క సంగతి తెలిసి ఉంటే మేలు: ఇది వైఫల్యాల ఆట. పదిసార్లు బ్యాటు పట్టుకుని నిలబడి మూడుసార్లు బంతిని కొట్టి క్షేమంగా బేస్ (మైదానం మూలల్లో పరుగు కోసం చేరవలసిన గుర్తు) చేరినవాణ్ని మంచి బ్యాటరు అంటారు; అలా చేరిన ప్రతిసారీ అతని ఖాతాలో ఒక హిట్. మిగతా ఏడుసార్లు అతను తల వంచుకుని వచ్చి బెంచీ మీద కూర్చోవలసిందే. అమెరికన్, నేషనల్ లీగుల్లో సీజను మొత్తం మీద పదింట నాలుగు సాధించినవాడు, 1941లో .406 యావరేజ్ నమోదు చేసిన టెడ్ విలియమ్స్ తర్వాత మరొకడు లేడు. ఇప్పుడు ఏడాదికి ఒక్కో జట్టు ఆడే ఆటలు 162 కనుక ఓటమి ఇక్కడ రోజూ తినే అన్నం వంటిది. పైగా మైదానంలోని స్కోరు బోర్డు మీద పరుగులు, హిట్ల పక్కనే ఎర్రర్లకూ ఒక గడి ఉంటుంది. ఫీల్డర్లు చేసిన పొరపాట్లను ఊరందరికీ కనబడేలా అంకె వేసి చూపిస్తారు. మన క్రికెట్‌లో క్యాచ్ జారవిడిచినవాడికి స్కోరుకార్డులో ఆ మచ్చ ఉండదు. కాబట్టి ఈ ఆట మీద తీసిన సినిమాను తూచేటప్పుడు నేను ప్రధానంగా చూసేది అది ఓటమిని ఎంత నిజాయితీగా చూపిందన్న విషయాన్నే.

ఆ తూకంలో 'ద నేచురల్' మొదటే తేలిపోతుంది. దానికి ఆధారం బెర్నార్డ్ మాలముడ్ 1952లో రాసిన నవల. గొప్ప ఆటగాడు కావలసిన యువకుణ్ని హోటల్ గదిలో ఒక స్త్రీ తుపాకీతో కాల్చడం, ఏళ్ల తరబడి కనుమరుగైన అతను వయసు మీరాక మళ్లీ బ్యాటు పట్టడం అందులోని కథ. ఇలాంటి కాల్పులు నిజంగానే 1949లో మా షికాగోలోని ఎడ్జ్‌వాటర్ బీచ్ హోటల్లో ఎడ్డీ వెయిట్‌కస్ అనే ఆటగాడి మీద జరిగాయి. నవల చివర కథానాయకుడు రాయ్ హాబ్స్ ఆఖరి అవకాశంలో బంతిని కొట్టలేక అవుటవుతాడు. అమ్ముడుపోయాడన్న నింద మిగిలిపోతుంది. ఇదంతా అబద్ధమని చెప్పమని పత్రికలమ్మే కుర్రవాడు అడిగితే చెప్పలేక ఏడుస్తాడు. బ్యారీ లెవిన్‌సన్ దర్శకత్వంలో రాబర్ట్ రెడ్‌ఫర్డ్ నటించిన చిత్రంలో అదే మనిషి కొట్టిన హోమ్ రన్ (మన సిక్సర్ వంటిది) మైదానపు దీపాలను పేల్చివేసి, నిప్పురవ్వల వానలో అతన్ని పరుగు తీయిస్తుంది. కన్నులపండువే, కాదనను. నవలాకారుడు ఏ ప్రశ్న అడగడానికి పుస్తకమంతా రాశాడో ఆ ప్రశ్నను దీపావళి చేసి కాల్చేశారన్నదే నా ఫిర్యాదు.

'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్'ను అంత తేలిగ్గా తీసిపారేయలేను. అయోవా రాష్ట్రంలో ఒక రైతు ఏదో గొంతు వినిపించిందని పంట చేలో కొంత భాగాన్ని కొట్టించి బేస్‌బాల్ మైదానం కట్టడం, ఎప్పుడో చనిపోయిన ఆటగాళ్లు మొక్కజొన్న మొక్కల మధ్య నుంచి నడిచి రావడం, చివరికి ఆ రైతు చనిపోయిన తన తండ్రితో బంతి విసురుకోవడం కథ. కొడుకు కంటే చిన్న వయసులో కనిపించే ఆ తండ్రి చేతిలోకి బంతి వెళ్లే క్షణంలో నా కళ్లు చెమ్మగిల్లని సందర్భం లేదు. ఒకే ఒక్క ఆట ఆడి, ఒక్కసారీ బ్యాటు పట్టే అవకాశం రాకుండానే వెనుదిరిగి వైద్యుడై స్థిరపడిన మూన్‌లైట్ గ్రాహమ్ పాత్రలో బర్ట్ లాంకాస్టర్ కనిపించే ఘట్టాలు ఆ దశాబ్దపు ఏ సినిమాకైనా అలంకారమే. 1905లో న్యూయార్క్ జయంట్స్ తరఫున సరిగ్గా అలాంటి ఒక్క ఆట ఆడి మిన్నెసోటాలో వైద్యం చేసుకున్న మనిషి నిజంగా ఉన్నాడు. ఆ ఏటి ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు ఇది నామినేట్ కావడంలో ఆశ్చర్యం లేదు.

నా అభ్యంతరం ఎక్కడ మొదలైందంటే, ఆ సినిమా తీసిన చోటుకు వెళ్లినప్పుడు. డయర్స్‌విల్ మా ఇంటి నుంచి సుమారు మూడు గంటల ప్రయాణం. కొన్నేళ్ల కిందట కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన మా నాన్నను అక్కడికి తీసుకువెళ్లి దారి పొడుగునా కథ చెప్పాను. ఆయన గట్టున నిలబడి అంతా పరికించి, "గింత మంచి మక్కచేను కొట్టి గ్రౌండు జేసిండా? వానికి అప్పు లేదా?" అన్నారు. అప్పుంది, భూమి పోయే స్థితిలో ఉన్నాడు అని చెప్పాను. "మరి ఏ ధైర్యంతోని కొట్టిండు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. 1980లలో అయోవా రైతుల గోడు చరిత్రలో ఉన్న విషయమే: వడ్డీరేట్లు పెరిగి, భూముల ధరలు పడిపోయి, తరాల నాటి పొలాలు వేలానికి వచ్చాయి. రైతుల సహాయార్థం గాయకుడు విల్లీ నెల్సన్ తదితరులు మొదటి ఫార్మ్ ఎయిడ్ కచేరీని 1985 సెప్టెంబరులో మా ఇల్లినాయ్‌లోని షాంపెయిన్‌లోనే జరిపారు. అలాంటి కాలంలో, అలాంటి నేల మీద నిలబడి, ఈ సినిమా అప్పుల రైతుకు చూపిన దారి ఏమిటి? జనం గతాన్ని వెతుక్కుంటూ కార్లలో వస్తారు, తలా ఇరవై డాలర్లు ఆలోచించకుండా ఇచ్చిపోతారు! ఆఖరి దృశ్యంలో చీకట్లో బారులు తీరిన ఆ కార్ల దీపాలను వ్యాసకర్త 'ఆశాజ్యోతులు' అన్నారు. నాకు అది టిక్కెట్ల వరుసగా కనిపిస్తుంది. 2021 ఆగస్టు 12న ఆ చేను పక్కనే కట్టిన మైదానంలో మా షికాగో వైట్ సాక్స్, న్యూయార్క్ యాంకీస్ జట్లు నిజమైన లీగ్ ఆట ఆడినప్పుడు (మా జట్టు 9-8తో గెలిచింది, టీవీ ముందు నేనూ అరిచాను) సినిమా జోస్యం ఫలించిందని అందరూ మురిసిపోయారు. ఫలించినది పర్యాటక జోస్యమే.

మరొక లోపం ఇంకా బరువైనది. బేస్‌బాల్ ఈ దేశంలో ఒకప్పుడు మంచిగా ఉన్న సమస్తాన్నీ గుర్తుచేస్తుందని చెప్పే సుప్రసిద్ధమైన ప్రసంగాన్ని ఈ చిత్రంలో నల్లజాతి రచయిత పాత్రధారి జేమ్స్ అర్ల్ జోన్స్ నోట పలికించారు. ఆయన ఎదుట మైదానంలో ఆడుతున్న దివంగత ఆటగాళ్లందరూ తెల్లవారే. 1947లో జాకీ రాబిన్సన్ అడుగుపెట్టే దాకా నల్లవారిని ఆ లీగుల గడప తొక్కనివ్వలేదన్న సంగతి ఆ పాత్రకు తట్టనే తట్టదు. ఇదే నటుడు 1976లో నల్లజాతి ఆటగాళ్ల జట్ల కథతో వచ్చిన 'బింగో లాంగ్' చిత్రంలో భారీ బ్యాటరుగా నటించినవాడు. పదమూడేళ్ల తర్వాత ఆయన చేత ఆ మాటలు చెప్పించేటప్పుడు సెట్లో ఎవరికీ నాలుక తడబడలేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఆ చేలోంచి మొదట నడిచి వచ్చేవాడు షూలెస్ జో జాక్సన్. ఎడమచేతి వాటం గల ఆ మహా బ్యాటరు రే లియోటా రూపంలో కుడిచేతి వాటంగా ఆడటం స్కోరు పుస్తకం రాసేవాడి కంటికి గుచ్చుకుంటుంది గాని, దాన్ని వదిలేస్తాను. వదిలేయలేనిది, అతని మీద పడ్డ మచ్చను ఆ పచ్చిక ఏ ప్రశ్నా అడగకుండా తుడిచేయడం. అదే జాక్సన్‌ను జాన్ సేల్స్ దర్శకత్వం వహించిన 'ఎయిట్ మెన్ అవుట్'లో చూడండి. ఎలియట్ ఆసినోఫ్ 1963లో వెలువరించిన పుస్తకం దానికి ఆధారం. 1919లో రెండు లీగుల విజేతల మధ్య జరిగే వరల్డ్ సిరీస్‌లో షికాగో వైట్ సాక్స్ 5-3 ఆటల తేడాతో సిన్సినాటి రెడ్స్ చేతిలో ఓడిపోయింది. ఎనిమిది మంది ఆటగాళ్లు జూదగాళ్లతో లాలూచీ పడ్డారన్న ఆరోపణ వచ్చింది. 1921లో జ్యూరీ వారిని నిర్దోషులని తేల్చింది. మర్నాడే బేస్‌బాల్ పాలనకు అధిపతి అయిన కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్ ఎనిమిది మందినీ ఆట నుంచి శాశ్వతంగా వెలివేశాడు. ఇది మనకు తెలియని కథా? 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో మన హైదరాబాదు అజారుద్దీన్‌పై క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం విధించిన రోజులనూ, 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్న రోజునూ గుర్తుంచుకున్నవారికి ఈ సినిమా అర్థం కావడానికి బేస్‌బాల్ నిబంధనలు అక్కర్లేదు. అభిమానించిన మనిషి మీద అనుమానం వచ్చిన నాడు కడుపులో కలిగే ఆ తిప్పు చాలు.

సేల్స్ ఎనిమిది మందినీ ఒకే గాటన కట్టలేదు. చేతి సత్తువ తగ్గుతున్న పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఎడ్డీ సికాట్ సంసారం గురించి భయపడి ఒప్పుకుంటాడు. డేవిడ్ స్ట్రాథెర్న్ ఆ భయాన్ని మాటల్లో కాక, బంతి పట్టుకున్న వేళ్లలో చూపిస్తాడు. చదువురాని జాక్సన్ ఏ కాగితం మీద ఏమి ఒప్పుకుంటున్నాడో తెలియనివాడు. అతను అయిదు వేల డాలర్లు తీసుకున్నట్టు 1920లో గ్రాండ్ జ్యూరీ ముందు చెప్పాడు. అదే సిరీస్‌లో పన్నెండు హిట్లతో .375 కొట్టాడు. ఈ రెండింటినీ కలిపి అతన్ని ఏమనాలో వందేళ్లుగా ఎవరూ తేల్చలేదు, సినిమా కూడా తేల్చినట్టు నటించదు. బక్ వీవర్ సంగతి మరీ చిక్కు: పైసా తీసుకోలేదు, .324 కొట్టాడు, కాని కుట్ర తెలిసీ నోరు విప్పలేదు. 1956లో చనిపోయే దాకా తన పేరు కడిగించుకోవడానికి అర్జీలు పెడుతూనే ఉన్నాడు. జాన్ క్యూసాక్ ఆ పాత్ర పోషించాడు.

ఓడిపోవడానికి కూడా నైపుణ్యం కావాలని ఈ సినిమా చూసేదాకా నాకు తట్టలేదు. మొదటి ఆటలో సికాట్ మొదటి బ్యాటర్‌ను బంతితో కొట్టడం జూదగాళ్లకు సంకేతం. ఆ తర్వాత ఒక్కొక్కడూ అర క్షణం ఆలస్యంగా విసరడం, అడుగు దూరంలో బంతిని వదిలేయడం, ఏమీ తెలియని తోటివాళ్లు అయోమయంగా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం. ఎర్రర్ల గడిలో పడే ఒక్కొక్క అంకె నిజమైన తప్పో, కొన్న తప్పో తెలియని ఆ ఆందోళనను ఇంత సూక్ష్మంగా చూపిన ఆటల సినిమాను నేను మరొకటి చూడలేదు.

ఇందులోనూ లోపాలున్నాయి, దాచను. యజమాని చార్లెస్ కొమిస్కీని పరమలోభిగా చిత్రించిన తీరును, ముఖ్యంగా ముప్పై విజయాలకు ఇస్తానన్న బోనస్ ఎగవేయడానికి సికాట్‌ను కావాలని కూర్చోబెట్టాడన్న ఘట్టాన్ని, తర్వాతి పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. కోర్టు మెట్ల మీద ఒక కుర్రవాడు జాక్సన్‌ను, ఇది నిజం కాదని చెప్పమని బతిమాలే ప్రసిద్ధ సంఘటన అసలు జరగనే లేదని జాక్సనే ఖండించాడు. సినిమా మాత్రం రెంటినీ వాడుకుంది. అయినా చివరి దృశ్యం ముందు ఈ పొరపాట్లు చిన్నవి. 1925, న్యూజెర్సీలో హొబోకెన్ అనే ఊరు, ఒక చిన్న మైదానం. మారుపేరుతో ఆడుతున్న ఒక వయసు మళ్లిన ఆటగాడు బంతిని కంచె దాకా కొడతాడు. చూసేవాళ్లలో ఒకడు అతన్ని జో జాక్సన్ అని అనుమానిస్తాడు. అక్కడే కూర్చున్న బక్ వీవర్, తాను ఎవరో చెప్పకుండా, అతను జాక్సన్ కాదంటాడు. ఒక సినిమాలో మొక్కజొన్న చేలోంచి పునీతుడై నడిచి వచ్చిన మనిషి, మరో సినిమాలో సొంత పేరు కూడా లేకుండా దుమ్ములో పరుగెత్తుతున్నాడు. జాక్సన్ 1951లో కన్నుమూశాడు. అతని పేరును శాశ్వత అనర్హుల జాబితా నుంచి కమిషనర్ తొలగించింది 2025 మే నెలలో. ఆ వార్త చదివిన రాత్రి నేను మళ్లీ చూసినది ఈ హొబోకెన్ దృశ్యాన్నే.

'బుల్ డర్హమ్' స్వభావం వేరు; అది నవ్వుల సినిమా. నవ్వించే సినిమాలను ఉత్తమ జాబితాల్లోకి రానివ్వని పెద్దరికం విమర్శకులకు అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది. దర్శకుడు, రచయిత రాన్ షెల్టన్ బాల్టిమోర్ ఓరియోల్స్ వారి మైనర్ లీగ్ జట్లలో అయిదేళ్లు ఆడి, పెద్ద లీగుకు ఒక్క మెట్టు కింద ఆగిపోయినవాడు. అందుకే ఆ సినిమాలో బస్సు ప్రయాణాలకూ, చవక గదులకూ, మూఢనమ్మకాలకూ ఉన్న వాసన బయటివాడు తీస్తే రాదు. కెవిన్ కాస్ట్‌నర్ పోషించిన క్రాష్ డేవిస్, కుర్ర పిచ్చర్‌కు బుద్ధి నేర్పడం కోసం చిన్న లీగుకు దింపబడిన ముదురు క్యాచర్ (బ్యాటరు వెనక కూర్చుని బంతి పట్టేవాడు). పెద్ద లీగులో అతను గడిపింది ఇరవై ఒక్క రోజులు. మైనర్ లీగుల్లో హోమ్ రన్ల రికార్డు కొట్టబోతాడు, ఆ రికార్డు ఎవరికీ అక్కర్లేదు, అతనికి అది అవమానం. జిల్లా జట్టులో మెరిసి రంజీ పిలుపు కోసం ఎదురుచూస్తూ ముప్పై దాటినవాడు మన ఊళ్లలోనూ వీధికొకడు ఉంటాడు. వాడికి ఈ సినిమా చూపించి చూడండి.

ఒక ఘట్టంలో క్రాష్ లెక్క చెబుతాడు. .250 కొట్టేవాడికీ .300 కొట్టేవాడికీ తేడా అయిదు వందల అవకాశాల్లో ఇరవై అయిదు హిట్లు. ఆరు నెలల సీజనంటే ఇంచుమించు ఇరవై అయిదు వారాలు. అంటే వారానికి ఒక్క బంతి, ఇద్దరు ఫీల్డర్ల మధ్య మెల్లగా ఒరిగిపడే ఒక్క బంతి ఎక్కువ పడితే పెద్ద స్టేడియం. పడకపోతే జీవితాంతం బస్సు. నేను పుస్తకంలో ఆ లెక్క వేసి చూశాను, సరిగ్గా సరిపోయింది. ప్రతిభకూ అదృష్టానికీ మధ్య గీత ఎంత సన్నమో చెప్పే ఇంత సూటి సన్నివేశం ఆ దశాబ్దంలో గంభీరమైన సినిమాలలోనూ అరుదు. పిచ్చర్ చుట్టూ అందరూ గుమిగూడి ఏదో ఘనమైన వ్యూహం రచిస్తున్నారనుకుంటే, పెళ్లికి ఏమి కానుక ఇవ్వాలో చర్చిస్తూ ఉండటం మరో ఆణిముత్యం. క్రాష్ తన నమ్మకాలన్నీ ఏకరువు పెట్టే దీర్ఘ సంభాషణ అందరికీ ఇష్టం గాని, నాకు అదే సినిమాలో కృతకంగా తోచే చోటు. రచయిత గొంతు అక్కడ వినబడిపోతుంది. ఆ ఏడాది ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ 'రెయిన్ మ్యాన్'కు పోయి దీనికి నామినేషనే మిగిలింది. 2003లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక మాత్రం ఆటల సినిమాలన్నిటిలో దీన్ని మొదటి స్థానంలో నిలబెట్టింది.

1989లోనే వచ్చిన 'మేజర్ లీగ్' పేరు ఎవరూ ఎత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత చూడటానికి దానికి మించినది లేదు, జాబితాకు మాత్రం అక్కర్లేదు.

పాఠకుల లేఖల ఆధారంగా జాబితాను సవరించి మళ్లీ ప్రచురిస్తామని మీరు ప్రకటించారు కనుక నా ఓటును ఇలా నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. 'బుల్ డర్హమ్'కు తొలి పదిలో చోటు. 'ఎయిట్ మెన్ అవుట్'కు, దాని చారిత్రక లోపాలను లెక్కలోకి తీసుకుని, పదిహేను, ఇరవై మధ్య చోటు. 'ద నేచురల్' తొలగింపు. 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్'ను ఇరవై అయిదో స్థానంలో, ఆ తండ్రీకొడుకుల కోసం ఉంచినా నాకు అభ్యంతరం లేదు. కానీ వ్యాసంతో పాటు దాని బొమ్మ మళ్లీ వేసేటట్లయితే, ఆ కార్ల బారు కాకుండా, ఆ మైదానంలో కుర్రవాడిగా ఆడి, గీత దాటి బయటికి వచ్చి మళ్లీ ముసలివాడైపోయిన డాక్టర్ గ్రాహమ్ బొమ్మ వేయగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నేపర్‌విల్, ఇల్లినాయ్